అక్వేరియం కొనేముందు యాప్ కాదు, శ్లాబ్ చూడండి

"అంతా బానే ఉంది బాబూ, ఇంతకీ దీని బరువెంత ఉంటది?"

గుంటూరు దగ్గర మేం కట్టుకుంటున్న ఇంట్లో మేస్త్రి గారు నన్ను అడిగిన ప్రశ్న ఇది. అప్పటికి పావుగంట నుంచి ఆయనకి ఫోన్‌లో త్రీడీ మోడల్ తిప్పి తిప్పి చూపిస్తున్నాను. పై అంతస్తులో హాలుకీ డైనింగ్‌కీ మధ్య గోడలో 6 అడుగుల అక్వేరియం. రెండు వైపుల నుంచీ కనిపిస్తుంది. ఉదయం మెల్లగా వెలిగి సాయంత్రం మెల్లగా ఆరే లైట్లు, యాప్‌తో స్పీడ్ మార్చుకునే పంపు, ఆటోమేటిక్ ఫీడర్... అన్నీ వివరించాను. లైటూ, కంట్రోలరూ అయితే అప్పటికే సేల్‌లో కొనేశాను కూడా. బరువు మాత్రం తెలీదు. బీటెక్ చేసి, నాలుగేళ్లుగా సాఫ్ట్‌వేర్ రాస్తున్న నాకు ఆ ప్రశ్నే తట్టలేదు. నిజానికి అది హైస్కూల్ లెక్క.

6 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు అంటే 24 ఘనపుటడుగులు. ఘనపుటడుగుకి 28.3 లీటర్లు. మొత్తం దాదాపు 680 లీటర్లు, అంటే 680 కిలోలు. ఇది ఒట్టి నీళ్ల బరువే. 12 ఎంఎం అద్దం చదరపు మీటరుకి 30 కిలోలు తూగుతుంది కాబట్టి అద్దాలే ఇంకో 120 కిలోలు. ఇసుక, రాళ్లు, స్టాండు, కింద ఫిల్టర్ ట్యాంకు, దానిలో నీళ్లు కలిపితే టన్ను దాటేస్తుంది. ఒక చిన్న కారు అనుకోండి. కాకపోతే కారు బయట పార్కింగ్‌లో ఉంటుంది, ఇది మా అమ్మ డైనింగ్ టేబుల్ పక్కన ఉంటుంది.

లైట్లు, పంపులు, ఫీడర్ల రివ్యూలు చాలా చదివాను, కొన్ని నేనే రాశాను. ఏ లైటుకి ఎన్ని కలర్ ఛానెళ్లు, ఏ యాప్‌లో బగ్స్ తక్కువ అని స్టార్లు ఇస్తాం. కానీ గోడలో బిగించే పెద్ద అక్వేరియం విషయంలో నా అభిప్రాయం ఇప్పుడు పూర్తిగా మారింది. అది గాడ్జెట్ కాదు, ఇంటి నిర్మాణంలో భాగం. బాత్రూమ్ లాంటిది. బాత్రూమ్ ఎక్కడ కట్టాలో గీజర్ యాప్ చూసి డిసైడ్ చెయ్యం కదా. శ్లాబ్, డ్రెయిన్, కరెంట్ లైన్లు, గాలి ఆడే దారి... ఈ నాలుగూ ప్లాస్టరింగ్‌కి ముందే తేలిపోవాలి. స్మార్ట్ అనే మాట ఆ తర్వాత.

టన్ను బరువు ఎక్కడ పెట్టాలి?

మన దేశంలో ఇళ్ల శ్లాబులు డిజైన్ చేసేటప్పుడు ఐఎస్ 875 కోడ్ ప్రకారం గదుల్లో మనుషులకీ సామాన్లకీ కలిపి చదరపు మీటరుకి సుమారు 200 కిలోలు లెక్కేస్తారు. మా ట్యాంకు నిలబడే చోటు 1.1 చదరపు మీటర్లు మాత్రమే. అంటే ఆ కాస్త చోటులో లెక్కకి నాలుగైదు రెట్ల బరువు. దీనర్థం పెట్టగానే శ్లాబ్ కూలిపోతుందని కాదు. ఆ 200 కిలోలు గది మొత్తానికీ వేసిన లెక్క, పైగా సేఫ్టీ మార్జిన్ కూడా ఉంటుంది. కానీ ఫంక్షన్‌కి వచ్చిన చుట్టాలు సాయంత్రానికి వెళ్లిపోతారు, ఈ టన్ను మాత్రం రాత్రీ పగలూ, ఏళ్ల తరబడి అక్కడే కూర్చుంటుంది. కింద బీమ్ ఉందా, అది ఏ దిశలో పోతోంది, పిల్లర్‌కి ఎంత దూరం అన్నవే అసలు విషయాలు. ఇవి వీడియోలు చూసి తేల్చుకునేవి కావు.

స్ట్రక్చరల్ ఇంజినీర్ సార్ మా డ్రాయింగ్ చూసి పది నిమిషాల్లో తేల్చేశారు. నేను అనుకున్న గోడ 4 అంగుళాల పార్టిషన్ గోడ. దాని కింద బీమే లేదు. "కావాలంటే ఇప్పుడు బీమ్ వేద్దాం, లేదా చోటు మార్చండి. శ్లాబ్ పోశాక నన్ను అడగొద్దు" అన్నారు. శ్లాబ్ పోయడానికి అప్పటికి 9 రోజులుంది. మేస్త్రి గారు ఆ ఒక్క ప్రశ్న అడక్కపోయుంటే నేను ఇంటీరియర్ టైమ్‌లో ఆ గోడ కోసి ట్యాంకు దింపేసేవాణ్ని.

చివరికి గ్రౌండ్ ఫ్లోర్‌కి మార్చాం. అక్కడైనా "నేలమీదే కదా" అని వదిలేయడానికి లేదు. ఇండిపెండెంట్ ఇళ్లలో కింది ఫ్లోరింగ్ పునాదిలో నింపిన మట్టి మీద నిలబడుతుంది. ఆ మట్టిని సరిగ్గా తడిపి దిమ్మిస చేయకపోతే మెల్లగా కుంగుతుంది. ఒక మూల ఏ కొంచెం కుంగినా స్టాండు ఒరుగుతుంది, అద్దాల అతుకుల మీద ఒత్తిడి అసమానంగా పడుతుంది. నిండిన ట్యాంకులో ముందు అద్దం ఒక్కదాని మీదే నీటి తోపుడు దాదాపు 340 కిలోలు. దాన్ని పట్టి ఉంచేది సిలికాన్ గీత. అందుకే ట్యాంకు కింద మేర రాడ్ వేసి విడిగా కాంక్రీట్ దిమ్మె పోయించాం. దానికైన ఖర్చు నా కంట్రోలర్ కన్నా తక్కువ!

మధ్యలో వాస్తు గొడవ ఒకటి నడిచింది. ఈశాన్యంలో నీళ్లుండాలని నాన్న అన్నారు. ఈశాన్యంలో బరువు పెట్టకూడదని కూడా ఆయనే అన్నారు. టన్ను బరువున్న నీళ్లని ఏం చెయ్యాలో పంతులు గారిని కనుక్కుని చెప్తానన్నారు. ఆ సమాధానం ఇంకా రాలేదు.

నీళ్లు బయటికి వస్తే ఎటు పోతాయి?

2022 డిసెంబర్ 16న బెర్లిన్‌లో ఆక్వాడోమ్ అనే పెద్ద సిలిండర్ అక్వేరియం పగిలిపోయిన వార్త మీకు గుర్తుండే ఉంటుంది. దాదాపు 10 లక్షల లీటర్లు హోటల్ లాబీలోంచి రోడ్డు మీదకి వచ్చేశాయి. మన ఇంట్లో అలా జరగదులే అనుకుంటాం. నిజమే, ట్యాంకు పగలడం అరుదు. ఇంట్లో నీళ్లు కారేది చాలా మామూలు కారణానికి. కరెంటు పోవడానికి.

ఎలాగంటారా? పెద్ద ట్యాంకులకి కింద క్యాబినెట్‌లో సంప్ అని ఇంకో ట్యాంకు ఉంటుంది. (మన ఇళ్ల ముందు నేలలో ఉండే నీళ్ల సంపు కాదు. ఈ మాట వాడినందుకు నాకూ మేస్త్రి గారికీ మధ్య ఒక గంట వృథా అయింది. ఆయన నిజంగానే గొయ్యి తవ్వించబోయారు.) పై ట్యాంకు నీరు పైపులోంచి సంప్‌లోకి దిగి, ఫిల్టర్ అయ్యి, పంపుతో మళ్లీ పైకి వెళ్తుంది. కరెంటు పోగానే పంపు ఆగుతుంది, పైనుంచి దిగడం మాత్రం వెంటనే ఆగదు. పైకి నీళ్లు తీసుకెళ్లే పైపు మూతి నీటిమట్టానికి 5 సెంటీమీటర్లు కింద ఉందనుకోండి, అదే పైపు సైఫన్‌గా మారి ఆ 5 సెంటీమీటర్లూ కిందికి లాగేస్తుంది. మా సైజు ట్యాంకులో 1 సెంటీమీటర్ అంటే 11 లీటర్లు. ఐదుకి 55 లీటర్లు. సంప్‌లో 30 లీటర్ల ఖాళీయే ఉంటే మిగతా 25 లీటర్లు మీ టైల్స్ మీద.

పైపుకి నీటిమట్టం దగ్గర చిన్న రంధ్రం పెడితే గాలి దూరి సైఫన్ తెగిపోతుంది. మంచిదే, కానీ నాచు పడితే అది మూసుకుపోతుంది. చెక్ వాల్వ్ పెట్టుకోమంటారు, దాంట్లో ఒక్క నత్త ఇరుక్కుంటే అయిపోయింది. కాబట్టి సంప్‌లో ఎప్పుడూ సరిపడా ఖాళీ వదలడం ఒక్కటే నమ్మదగింది. దీన్ని ఏ యాప్‌తోనూ సరిచేయలేం. ట్యాంకు పెట్టిన రోజు మీ చేత్తోనే పంపు ఆపేసి, నీళ్లు ఎక్కడిదాకా వచ్చి ఆగుతాయో చూడండి.

ఇంకా పెద్ద విషయం వారం వారం నీళ్లు మార్చడం. పావు వంతు అంటే 170 లీటర్లు. 20 లీటర్ల బకెట్లతో ఎనిమిదీ తొమ్మిది సార్లు బయటికి, మళ్లీ అన్నిసార్లు లోపలికి. నేనేమో హైదరాబాద్‌లో ఉంటాను, నెలకోసారి వస్తాను. ఆ బకెట్లు మోసేది 58 ఏళ్ల నాన్న, మోకాళ్ల నొప్పులున్న అమ్మ. ఈ లెక్క చూసినప్పుడు నాకు నిజంగా సిగ్గేసింది. నేను ప్లాన్ చేసింది నా ఫోన్‌లో చూసుకోవడానికి, వాళ్లు మొయ్యడానికి.

అందుకే క్యాబినెట్ నేలలో ఒక నహనీ ట్రాప్, దానివైపు వాలు, పక్కన ఒక నీళ్ల కనెక్షన్ పెట్టించాం. సంప్ నుంచి ఇంచు పైపు, వాల్వ్‌తో పెరట్లోకి వెళ్తుంది. వాల్వ్ తిప్పితే చేపల నీళ్లు మొక్కలకి పోతాయి. మంచినీటి చేపల ట్యాంకులో నైట్రేట్ ఉంటుంది కాబట్టి మొక్కలకి మేలే. (ఉప్పునీటి ట్యాంకైతే ఈ పని చెయ్యకండి.) ఈ మొత్తం ప్లాన్‌లో అమ్మకి నచ్చిన ఒకే ఒక్క ఐటమ్ ఇది. కరివేపాకు చెట్టు ఆ పైపు దగ్గరే నాటింది.

కరెంటు: నేను పోగొట్టుకున్న రెండు చేపలు

ఇది చెప్పకుండా తప్పించుకోవచ్చు, కానీ చెప్తాను. హైదరాబాద్‌లో నా అద్దె ఫ్లాట్‌లో 3 అడుగుల ట్యాంకులో రెండు ఆస్కార్ చేపలు ఉండేవి. భోజనం వేసే టైముకి అద్దం దగ్గరికి వచ్చి నిలబడేవి. సంక్రాంతికి ఊరెళ్తూ ఫిల్టర్‌ని స్మార్ట్ ప్లగ్‌కి పెట్టి వెళ్లాను. రెండో రోజు కాసేపు కరెంటు పోయి వచ్చింది. ఆ ప్లగ్‌కి కరెంటు వచ్చాక ఏం చెయ్యాలి అనే సెట్టింగ్ డిఫాల్ట్‌గా 'ఆఫ్'లో ఉంది. యాప్‌లో ఆఫ్ అని కనిపిస్తూనే ఉండుంటుంది, పండగలో నేను తెరిస్తేగా. నాలుగో రోజు తిరిగొచ్చేసరికి రెండూ పోయాయి.

సాదా స్విచ్‌కి ఉండుంటే కరెంటు రాగానే ఫిల్టర్ దానంతటదే తిరిగేది. మీ ఇంట్లో ఏ స్మార్ట్ ప్లగ్ ఉన్నా ఆ సెట్టింగ్ ఇవాళే చూసి, 'ఆన్' చేసుకోండి. నా రూల్ అయితే ఇప్పుడు ఇంకా కఠినం. ప్రాణం నిలిపే పంపుకీ కరెంటుకీ మధ్య ఏ సాఫ్ట్‌వేరూ ఉండకూడదు. లైట్లు, ఫీడర్ మీ ఇష్టం.

పంపు ఆగితే మొదట దెబ్బతినేది ఆక్సిజన్. నీరు వేడెక్కేకొద్దీ అందులో ఆక్సిజన్ తక్కువ పడుతుంది. 25 డిగ్రీల దగ్గర లీటరుకి 8 మిల్లీగ్రాములకి పైగా పట్టేది, 30 దగ్గర ఏడున్నరకి పడిపోతుంది. చేపలకేమో వేడిలో ఇంకా ఎక్కువ కావాలి. మన దగ్గర కరెంటు కోతలు ఎక్కువుండేది కూడా ఎండాకాలంలోనే. కాబట్టి ఇన్వర్టర్ లైన్ తప్పదు. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీలో పేరుకి 1,800 వాట్-అవర్లు ఉంటాయి. నష్టాలు తీసేసి 1,200 అనుకున్నా, 40 వాట్ల పంపు, 10 వాట్ల ఎయిర్ పంపు మాత్రమే ఉంటే దాదాపు రోజంతా నడుస్తాయి. ఫ్యాన్లు, లైట్లు కూడా దానిమీదే ఉంటాయి కాబట్టి అంత రాదు, కానీ ఒక రాత్రి గడుస్తుంది. హీటర్, చిల్లర్ పొరపాటున కూడా ఇన్వర్టర్ మీద వేయకండి. అంటే ట్యాంకు దగ్గరికి రెండు లైన్లు రావాలి. ఒకటి ఇన్వర్టర్‌ది, ఒకటి డైరెక్ట్‌ది. గోడలో కండ్యూట్ పైపులు వేసేటప్పుడు చెప్పకపోతే తర్వాత గోడంతా చెక్కాలి. ఇన్వర్టర్ ప్యూర్ సైన్ వేవ్‌దే తీసుకోండి. స్క్వేర్ వేవ్ మీద ఏసీ పంపులు గుర్రుమంటూ వేడెక్కుతాయి.

ఎలక్ట్రీషియన్ అన్నకి నేను ఇచ్చిన లిస్టు చిన్నదే. డీబీ నుంచి అక్వేరియానికి విడిగా లైన్, దానికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, సరైన ఎర్తింగ్. సాకెట్లు ట్యాంకు కిందా వద్దు, సంప్ పైనా వద్దు, పక్క అరలో ఎత్తుగా. ప్రతి వైరూ సాకెట్ కన్నా కిందికి వేలాడి మళ్లీ పైకి ఎక్కాలి, వైరు వెంట జారిన చుక్క ఆ వంపు దగ్గరే కింద పడిపోతుంది. ఎంసీబీ ఉందిగా, ఆర్‌సీసీబీ దేనికి అని చాలామంది అడుగుతారు. ఎంసీబీ వైర్లని కాపాడుతుంది. ట్యాంకులో చెయ్యి పెట్టిన మీ నాన్నని కాపాడేది ఆర్‌సీసీబీ.

బిల్లు గురించి ఒక్క మాట. 100 వాట్ల లైట్లు 8 గంటలు, 40 వాట్ల పంపు రోజంతా అంటే రోజుకి 1.8 యూనిట్లు, నెలకి 50 దాటుతుంది. చిల్లర్ పెడితే ఇంకా పెరుగుతుంది. మన బిల్లులు శ్లాబుల లెక్కన వస్తాయి కాబట్టి ఈ యూనిట్లన్నీ పై శ్లాబు రేటులో పడతాయి. ఇంట్లో ముందే చెప్పేయండి.

మిగతావి

వైఫై. నీరు 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ని బాగా మింగేస్తుంది, చవక స్మార్ట్ పరికరాల్లో ఎక్కువ భాగం పనిచేసేది ఆ బ్యాండ్ మీదే. రూటర్ ట్యాంకు వెనకాల పెడితే హాల్లో మీ ఫోనుకీ అదే గతి. క్యాబినెట్‌లోకి ఒక ల్యాన్ వైరు లాగి వదిలేయండి. నేను ఈఎస్‌పీ32 బోర్డు, ఒక వాటర్‌ప్రూఫ్ డీఎస్18బీ20 టెంపరేచర్ సెన్సర్, నేలమీద ఒక లీక్ సెన్సర్ పెట్టబోతున్నాను. మూడూ కలిపి వెయ్యి రూపాయల్లోపే. అవి నాకు చెప్తాయి, అంతే, దేన్నీ కంట్రోల్ చెయ్యవు. ఆటోమేషన్ మీద ఇష్టం పోయి కాదు. హోమ్ అసిస్టెంట్‌లో నాకున్నన్ని రూల్స్ మా ఆఫీసులో కూడా లేవు.

వేడి. చిల్లర్ అంటే చిన్న ఫ్రిజ్ లాంటిది, నీళ్లలోంచి తీసిన వేడిని బయటికి ఊదుతుంది. దాన్ని మూసిన క్యాబినెట్‌లో పెడితే అదే వేడిని మళ్లీ పీల్చుకుంటూ కరెంటు కాలుస్తుంది. గాలి వచ్చేందుకు కింద, పోయేందుకు పైన జాలీలు ఉండాలి. ఆవిరయ్యే నీటితో చెక్క ఉబ్బుతుంది కాబట్టి ఎండీఎఫ్ వద్దు. ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై అడగండి.

ఇక చేపలు. ఏ చేప అన్నది ట్యాంకు కన్నా ముందు, గోడ కన్నా ముందు తేలాలి. నాన్నకి సిల్వర్ అరోవానా కావాలి. అది దాదాపు 3 అడుగుల దాకా పెరుగుతుంది, 2 అడుగుల వెడల్పులో వెనక్కి తిరగడానికే ఇబ్బంది పడుతుంది. వెడల్పు పెంచితే బరువు, గోడ, దిమ్మె అన్నీ మళ్లీ మొదటికి. పైగా మా బోరు నీటి టీడీఎస్ 600 దాటింది. డిస్కస్ లాంటి మెత్తటి నీటి చేపలకి ఆర్వో నీళ్లు కావాలి, ఆర్వో వదిలేసే నీళ్లు ఇంకెన్ని! అదే ఆఫ్రికన్ సిక్లిడ్స్ అయితే గట్టినీటికి అలవాటు పడ్డవి. నీటికి తగ్గ చేపని ఎంచుకుంటే జీవితాంతం నీటితో కుస్తీ ఉండదు. మున్సిపల్ నీళ్లు వాడేవాళ్లు క్లోరిన్ పోగొట్టేందుకు ఒక డ్రమ్ముకి చోటు చూసుకోండి.

బిల్ట్-ఇన్ అనగానే అందరూ మర్చిపోయేది చెయ్యి పట్టే సందు. ట్యాంకు పైన అడుగున్నర ఖాళీ లేకపోతే అడుగున ఉన్న రాయిని తీయలేరు. ఎప్పటికైనా సిలికాన్ అతుకులు పాతబడతాయి, ఆ రోజు గోడ పగలగొట్టకుండా ట్యాంకు బయటికి రావాలి. చుట్టూ ఉండే ఫ్రేము స్క్రూలతో ఊడేలా చేయించండి.

హైదరాబాద్‌లో కొత్త టవర్లలో ఫ్లాట్ కొన్న ఫ్రెండ్స్‌కి మాత్రం నా సలహా వేరు. వాటిలో చాలా వరకు మివాన్ షట్టరింగ్‌తో కట్టినవి, గోడలే కాంక్రీట్. బిల్డింగ్ బరువు మోసేవి అవే. వాటిని కోయకూడదు, పైపు కోసం గాడి కూడా కొట్టకూడదు. గోడలో అక్వేరియం కల వదిలేసి, బీమ్ దగ్గరగా, బాల్కనీ డ్రెయిన్‌కి దగ్గర్లో విడి స్టాండు మీద 3 లేదా 4 అడుగుల ట్యాంకు పెట్టుకోండి. అదీ ఇంజినీరుని అడిగాకే. "బిల్ట్-ఇన్ లుక్" ఇస్తామని వచ్చే ఇంటీరియర్ వాళ్లని కూడా మా మేస్త్రి గారి ప్రశ్నే అడగండి. నేనైతే ఇద్దరిని అడిగాను, ఇద్దరూ లైట్ల గురించి మాట్లాడారు.

మా ఇంట్లో దిమ్మె అయిపోయింది, పైపులు పడ్డాయి. ఖాళీ గోడ మీద మేస్త్రి గారు బొగ్గుతో "చేపల తొట్టి 1200 కేజీ" అని పెద్దగా రాసి గీత కొట్టారు, కూలీలు ఎవరూ పొరపాటున ఇటుక కట్టెయ్యకుండా. ట్యాంకు వచ్చేది సంక్రాంతి తర్వాతే. అరోవానానా, సిక్లిడ్సా అన్నది నాన్న ఇంకా తేల్చలేదు. నేను ఆత్రంగా కొన్న లైటు, కంట్రోలర్ బాక్సులు మాత్రం నా రూమ్‌లో కప్‌బోర్డు మీద సీల్ కూడా విప్పకుండా ఉన్నాయి. ఏడాది వారంటీలో ఐదు నెలలు అప్పుడే అయిపోయాయి.